కమల ఊరు జెర్సీ సిటీ

అమెరికా వెళ్లొచ్చిన వాళ్లని కదిలిస్తే చాలు, న్యూయార్కు మేడలు, నయాగరా జలపాతం, వాషింగ్టన్ వైట్‌హౌసు, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి అంటూ వరసగా ఏకరువు పెడతారు. అవన్నీ మీరు విన్నవే, ఫోటోల్లో చూసినవే. నేను చెప్పబోయే ఊరు మాత్రం ఎవరూ పనిగట్టుకుని చూడ్డానికి వెళ్లే ఊరు కాదు. న్యూయార్కుకి హడ్సన్ నది అవతలి గట్టున ఉన్న జెర్సీ సిటీ. ఆ ఊరిని నాకు చూపించింది ఏ గైడూ కాదండీ, ఒక బొమ్మల పుస్తకంలోని పదహారేళ్ల పిల్ల. పేరు కమలా ఖాన్.

2023 వేసవిలో మా చెల్లెలి రెండో పురిటికి సాయంగా వెళ్లి మూడు నెలలు అక్కడున్నాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంతదూరం ప్రయాణం చేయలేదు. అందుకని అక్కగా నేను బయల్దేరాను. కారం పొడులు, పచ్చళ్లు, ఇంగువ, వాము, సొంఠి అన్నీ సర్దుకుని వెళ్లానే గానీ, అక్కడ కామిక్ పుస్తకాలు చదువుతానని కలలో కూడా అనుకోలేదు.

ఏటికి అవతలి గట్టు

మాది గోదావరి ఒడ్డున కొవ్వూరు. మా ఊరికి గోష్పాద క్షేత్రముంది, చరిత్ర ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ పట్టుచీర కొనాలంటే వంతెన దాటి రాజమండ్రి తాడితోటకి పోవలసిందే. ఎక్కడికైనా వెళ్లినప్పుడు "మీదే ఊరండీ?" అని అడిగితే, "కొవ్వూరు... రాజమండ్రి అవతలండీ" అని చెప్పుకోవలసిందే. జెర్సీ సిటీ వాళ్ల బతుకూ అచ్చం ఇంతే. "ఎక్కడుంటారు?" అంటే "న్యూయార్కుకి ఎదురుగా" అంటారు. హడ్సన్ నది మా గోదావరిలో సగం వెడల్పు కూడా ఉండదు. అయినా ఆ కాస్త నీళ్లే ఇది పెద్ద ఊరు, అది పక్క ఊరు అని తేల్చేస్తాయన్నమాట.

న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర పాత్ అనే రైలెక్కితే అది నది కింద సొరంగంలోంచి వెళ్లి నాలుగైదు నిమిషాల్లో జెర్సీ సిటీ ఎక్స్ఛేంజ్ ప్లేసులో తేలుతుంది. ఆ సొరంగాలు వేసి వందేళ్లు దాటింది. స్టేషన్లోంచి మెట్లెక్కి బయటికొచ్చి నది ఒడ్డున నిలబడితే, ఎదురుగా న్యూయార్కు మొత్తం పేరంటానికి బొమ్మలు పేర్చినట్టు కనబడుతుంది. న్యూయార్కులో ఉన్నవాళ్లకి న్యూయార్కు ఇంత అందంగా కనబడదు సుమండీ! అవతలి గట్టున ఉన్నవాళ్లకే ఆ భాగ్యం.

ఆ ఒడ్డునే కాస్త దక్షిణంగా నడిస్తే ఒక పెద్ద గడియారం కనిపిస్తుంది. ఎనిమిది పలకలు, 50 అడుగుల వెడల్పు. 1924లో కోల్గేట్ కంపెనీ పెట్టించింది. అవును, మన స్నానాల గదిలో ఉండే ఆ కోల్గేటే. వాళ్ల ఫ్యాక్టరీ ఒకప్పుడు అక్కడే ఉండేది. ఫ్యాక్టరీ పోయినా గడియారం మిగిలింది.

ఇంకాస్త దూరంలో లిబర్టీ స్టేట్ పార్కు. స్వేచ్ఛాదేవి విగ్రహం అక్కణ్ణుంచి చాలా దగ్గరగా కనబడుతుంది, ఫెర్రీ పడవ కూడా ఉంది. కాకపోతే ఆవిడ వీపు ఇటువైపు. 1886లో నిలబెట్టినప్పటినుంచీ జెర్సీ సిటీ వాళ్లు ఆవిడ జడవైపే చూస్తున్నారు. "చూశావా అక్కా, దేవత కూడా మావైపు తిరగలేదు" అని మా మరిదిగారు నవ్వుతుంటారు.

పుస్తకం నా చేతికి ఎలా వచ్చిందంటే

మా చెల్లెలి పెద్దకూతురికి పన్నెండేళ్లు. అమ్మడు అని పిలుస్తాం. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ముద్దుముద్దుగా వస్తుంది. రోజంతా ఏదో ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని సోఫాలో బోర్లా పడుకుని ఉండేది. "చదువుకోవే" అని వాళ్లమ్మ, "చదువుతున్నాగా" అని ఇది. చివరికి నేనే "ఏముందే అందులో అంతలా?" అన్నాను. మర్నాడు లైబ్రరీ నుంచి మొదటి భాగం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పెద్దమ్మా, నువ్వు కూడా చదువు. ఇది మన ఊరి కథ."

నేను ఇంటర్మీడియట్ వరకూ చదివాను. పెళ్లయ్యాక ఇంగ్లీషు చదవడమంటే మందుల సీసాల మీద అక్షరాలే. అయితే బొమ్మల కథల్లో ఒక సుఖముంది. మాట అర్థం కాకపోతే మొహం చెబుతుంది. చిన్నప్పుడు చందమామ కోసం కొట్లాడుకున్న వాళ్లం మనం, బొమ్మ చదవడం మనకి ఒకరు నేర్పాలా! చంటిపిల్లకి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టాక మధ్యాహ్నాలు నేనూ అమ్మడూ కూర్చుని చదివేవాళ్లం. తెలియని మాట అది చెప్పేది, తెలియని మనిషిని నేను చెప్పేదాన్ని.

ఆ పుస్తకం పేరు 'మిస్ మార్వెల్'. స్పైడర్‌మ్యాన్‌ని అచ్చువేసే మార్వెల్ కంపెనీదే. కమల పాత్ర 2013లో పుట్టింది, 2014 ఫిబ్రవరిలో సొంత పుస్తకం మొదలైంది. రాసింది జి. విల్లో విల్సన్ అనే ఆవిడ, మొదట బొమ్మలు వేసింది ఏడ్రియన్ అల్ఫోనా. దీని వెనకున్న సంపాదకురాలు సనా అమానత్. ఆమె తల్లిదండ్రులు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు, ఆమె పెరిగింది న్యూజెర్సీలోనే. ఆఫీసులో తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే, ఇలాంటి అమ్మాయి మీదే ఒక పుస్తకం తీస్తే ఎలా ఉంటుందనిపించిందట. మొదటి సంపుటానికి 2015లో హ్యూగో అనే పెద్ద బహుమతి వచ్చింది.

లోకాన్ని రక్షించే పిల్ల, ఇంట్లో తిట్లు తినే పిల్ల

కథ చెబుతాను వినండి. కమల వాళ్ల కుటుంబం కరాచీ నుంచి వచ్చి జెర్సీ సిటీలో స్థిరపడింది. నాన్న యూసఫ్, అమ్మ మునీబా, అన్న ఆమిర్. అన్న ఎప్పుడూ నమాజులో ఉంటాడు, ఉద్యోగం మాత్రం చేయడు. కమలకి వీరుల కథలంటే పిచ్చి. వాళ్ల మీద తనే కథలు రాసుకుంటుంది. మనం సీరియల్ చదువుతూ "ఈ కథానాయికకి నేనైతే ఇలా పెళ్లి చేసేదాన్ని" అని ఊహించుకునేవాళ్లం, గుర్తుందా? అలాగన్నమాట.

ఒక రాత్రి అమ్మానాన్నా వద్దన్నా కిటికీలోంచి దూకి నది ఒడ్డున పార్టీకి వెళుతుంది. అక్కడ ఊరంతా ఒక వింత పొగమంచు కమ్ముతుంది. ఆ మంచులో ఆమెకి శక్తులు వస్తాయి. ఒళ్లు ఎంత కావాలంటే అంత పెంచగలదు, చేయి చాచగలదు, చీమంత కాగలదు. మన సుందరకాండలో హనుమంతుడు సురస నోటి ముందు పెరిగి పెరిగి, చటుక్కున బొటనవేలంతై లోపలికెళ్లి బయటికొచ్చేశాడు కదా! "ఇదేదో మన ఆంజనేయస్వామి విద్యేనే" అన్నాను. అమ్మడు పడీపడీ నవ్వింది.

ఈ పుస్తకంలో భయంకరమైన యుద్ధాలకంటే నవ్వే ఎక్కువ. శక్తులు వాడాక కమలకి విపరీతమైన ఆకలి. ఈత కోసం ఉన్న ఒళ్లంతా కప్పే బట్టల్ని కుట్టుకుని వీరవేషం తయారు చేసుకుంటుంది. గేదె సైజు బుల్‌డాగ్ ఒకటి ఇంటికొచ్చి పడితే దాన్ని పెంచుకుంటానని మారాం చేస్తుంది. డ్రైనేజీ సొరంగాల్లో పెద్ద మొసలితో పోట్లాట. అక్కడ వుల్వరిన్ అనే మహావీరుడు కనిపిస్తే పోరాటం పక్కనపెట్టి, ఆయనంటే తనకెంత అభిమానమో చెప్పుకుని మురిసిపోతుంది. సినిమా హీరో రైల్లో కనబడితే మనం చేసే హడావుడే!

మన ఆడవాళ్లు తప్పకుండా చదవాల్సిన కథ ఇంకొకటుంది. అన్నగారి పెళ్లి. ఇంట్లో పెళ్లిపనులు, బడిలో చదువు, బయట వీరకార్యాలు. ఒక్క మనిషి ఎన్నిచోట్ల ఉండగలదండీ? అప్పుడు కమల, స్నేహితుడు బ్రూనో సాయంతో తనలాంటి బొమ్మల్ని తయారుచేసి ఒకదాన్ని బడికి, ఒకదాన్ని పెళ్లింటికి పంపిస్తుంది. అవి రెండుమూడు ముక్కలకు మించి మాట్లాడలేవు. పైగా ఆగకుండా పెరిగిపోయి ఊరి మీద పడతాయి! అది చదువుతున్నప్పుడు కుక్కర్ విజిల్ వేస్తోంది, చంటిది లేచి ఏడుస్తోంది, కొవ్వూరు నుంచి మా వారు ఫోను. "నాకూ రెండు బొమ్మలు కావాలే" అన్నాను. బాలింత అయినా మా చెల్లెలు కుట్లు పట్టుకుని మరీ నవ్వింది.

ఎడిసనూ, చిలకా

మొదటి దుర్మార్గుడు ఎవరో తెలుసా? థామస్ ఎడిసన్! కంగారు పడకండి, అసలాయన కాదు. ఆయన కణాల నుంచి ఎవరో ఆయనకి నకలు చేయబోతే, అందులో పెంపుడు చిలకలాంటి ఒక పిట్ట కణాలు కలిసిపోయి, మనిషి ఒళ్లూ పిట్ట తలా ఉన్న వింత జీవి పుట్టిందట.

ఈ హాస్యం పూర్తిగా తెలియాలంటే న్యూజెర్సీ గురించి కాస్త తెలియాలి. ఎడిసన్ 1876లో మెన్లో పార్కు అనే చోట ప్రయోగశాల పెట్టి, 1877లో గ్రామఫోనుకి మూలమైన ఫోనోగ్రాఫు, 1879లో కరెంటు బల్బు చేసింది ఈ రాష్ట్రంలోనే. ఆ చోటున్న పట్నానికి 1954లో ఎడిసన్ అని పేరు మార్చారు. ఇప్పుడు మన తెలుగువాళ్లు కుప్పలుతెప్పలుగా ఉన్నది ఆ ఎడిసన్‌లోనే. ఆవకాయకి కాయ కొట్టించుకోవడం ఒక్కటే తక్కువ, మిగతావన్నీ దొరుకుతాయి.

అయితే ఆ పిట్టతల దుర్మార్గుడు చేసే పని మాత్రం నవ్వులాట కాదు. ఊరి పిల్లల్ని తీసుకుపోయి వాళ్లని కరెంటు పుట్టించే బ్యాటరీల్లా వాడుకుంటాడు. ఎత్తుకుపోలేదు, పిల్లలే ఇష్టపడి వచ్చారు. ఎందుకు? "మేం ఎందుకూ పనికిరానివాళ్లమని పెద్దవాళ్లంతా అంటున్నారు. కనీసం ఇలాగైనా లోకానికి పనికొస్తాం" అనుకుంటారు. కమల వాళ్లతో పోట్లాడి వాళ్ల మనసు మారుస్తుంది. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లల్ని మనం రోజుకి ఎన్నిసార్లు ఆ మాట అంటామో మీరూ ఒకసారి లెక్కపెట్టుకోండి.

కథలో ఊరు, ఊళ్లో కథ

కమల చదివే బడి పేరు కోల్స్ అకాడమిక్ హైస్కూల్. అది కల్పితమే. కానీ జెర్సీ సిటీలో కోల్స్ వీధి ఉంది. ఆ వీధిలో నిజంగానే ఒక పేరున్న హైస్కూలుంది. 1986లో చాలెంజర్ ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నెయిర్ పేరు దానికి పెట్టారు. అమ్మడు నన్ను ఆ వీధికి తీసుకెళ్లి, ఏదో గుడి చూపించినట్టు చూపించింది.

జెర్సీ సిటీ మారిపోతున్న తీరు కూడా కథలో ఉంది. ఒక కంపెనీ వచ్చి కమల బొమ్మనే బోర్డుల మీద వేసుకుని, పాత ఇళ్లు తీసి కొత్త మేడలు కడతామంటుంది. పాతవాళ్లు "మా ఊళ్లో మాకే చోటు లేకుండా పోతోంది" అని కమల మీదే కోపగించుకుంటారు. జర్నల్ స్క్వేర్‌లో 1929 నాటి లోస్ థియేటరుంది, మహారాజుల దర్బారులాంటి హాలు. దాని చుట్టుపక్కల ఇప్పుడు అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటిని చూస్తుంటే పుస్తకంలో బొమ్మ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

బొట్టు చెరుపుకున్న వీధి

జర్నల్ స్క్వేర్ నుంచి నాలుగడుగులు వేస్తే నూవార్క్ ఎవెన్యూ. ఇండియా స్క్వేర్ అంటారు. ఇక్కడ కళ్లు మూసుకుని నడిచినా దారి తెలుస్తుంది. ఒకచోట జిలేబీ పాకం, ఒకచోట దోసె, ఒకచోట అగరుబత్తి. దొండకాయలు, మునక్కాయలు, కరివేపాకు, గోంగూర కట్టలు. చీరల కొట్లు, బంగారం కొట్లు, గుళ్లు. దసరా నవరాత్రుల్లో ఈ వీధిలోనే గర్బా ఆడతారు.

ఒకరోజు చంటిదానికి ఉగ్గుగిన్నె కోసం అక్కడ ఒక సామాన్ల కొట్టుకి వెళ్లాం. గల్లాపెట్టె పక్కన కూర్చున్న గుజరాతీ మామ్మగారు నా మొహంకేసి చూసి, హిందీలో "ఎంత పెద్ద బొట్టు పెట్టుకున్నావమ్మా, బావుంది. ఒకప్పుడు మేం ఈ వీధిలో ఇది చెరుపుకుని తిరిగాం" అంది. ఎందుకని అడిగితే చెప్పింది.

ఆవిడ చెప్పింది 1987 సంగతి. అప్పటికే ఇక్కడ మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు. అది గిట్టని కొందరు కుర్రాళ్లు ఒక ముఠాగా తయారయ్యారు. దాని పేరు 'డాట్‌బస్టర్స్'. డాట్ అంటే చుక్క, మన ఆడవాళ్ల నుదుటి బొట్టన్నమాట. ఆ వేసవిలో జెర్సీ జర్నల్ అనే స్థానిక పత్రికలో వాళ్ల ఉత్తరం అచ్చయింది. భారతీయుల్ని ఊరు వదిలిపోయేలా చేయడానికి ఎంతకైనా తెగిస్తామనీ, టెలిఫోను పుస్తకంలో పటేల్ అనే పేర్లు చూసి ఇళ్లు వెతుక్కుంటామనీ అందులో బెదిరించారు. ఆ సెప్టెంబరులో పక్క ఊరు హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే 30 ఏళ్ల పార్సీ యువకుణ్ణి కొందరు చావబాదారు. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. జెర్సీ సిటీలో ఒక భారతీయ డాక్టరు దెబ్బలు తిని కోమాలోకి వెళ్లి బతికి బయటపడ్డారు. మనవాళ్లు ఊరేగింపులు తీశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. జాతి ద్వేషంతో చేసే నేరాలకి గట్టి శిక్ష వేసేలా 1990లో న్యూజెర్సీలో చట్టం వచ్చింది.

"చీర మీద కోటు గుండీలన్నీ పెట్టుకుని, నుదురు తుడుచుకుని, పని నుంచి ఇంటికి పరిగెత్తినట్టు వచ్చేవాళ్లం. ఇంట్లోకొచ్చి తలుపు గొళ్లెం వేసుకున్నాక మళ్లీ బొట్టు పెట్టుకునేదాన్ని" అంది మామ్మగారు. చెబుతూనే ఉగ్గుగిన్నె కాగితంలో చుట్టి, డబ్బులు తీసుకోకుండా "పసిదానికి నా తరఫున" అని చేతిలో పెట్టింది.

అమ్మడు పక్కనే ఉంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

బంగారు జుట్టు వద్దనుకున్న కమల

ఇక్కడ పుస్తకంలో ఒక ముఖ్యమైన ఘట్టం చెప్పాలి. శక్తులు వచ్చిన ఆ రాత్రి కమల ఏం కోరుకుంటుందో తెలుసా? తన ఆరాధ్య దేవత కెప్టెన్ మార్వెల్‌లా అయిపోవాలని. తెల్లటి ఒళ్లు, బంగారు జుట్టు, పొడుగాటి బూట్లు. కోరుకున్నట్టే అలా మారిపోతుంది కూడా. నదిలో పడ్డ ఒక క్లాసు పిల్లని ఆ రూపంలోనే కాపాడుతుంది. కానీ ఆ జుట్టు కళ్లల్లో పడుతుంది, ఆ బట్టలు ఇబ్బంది పెడతాయి. అంతకంటే ముఖ్యం, అది తను కాదు. మెల్లగా తెలుసుకుంటుంది, ఎవరినైనా కాపాడాలంటే ఇంకొకరి మొహం పెట్టుకోనక్కర్లేదని. ఆ తర్వాత తన మొహంతోనే, తన రంగుతోనే వీధిలోకి వస్తుంది. వాళ్ల నాన్న ఒక సందర్భంలో కూర్చోబెట్టి పేరుకి అర్థం చెబుతాడు. అరబ్బీలో కమాల్ అంటే పరిపూర్ణత అట. నువ్వు ఎవరిలాగానో మారక్కర్లేదు, ఉన్నట్టుగానే నిండుగా ఉన్నావని అంటాడు. మనకైతే కమల అంటే తామరపువ్వు, లక్ష్మీదేవి. ఎలా చూసినా మంచి పేరే!

ఎవరో నుదుటి చుక్క చూసి వెంటబడిన ఊళ్లోనే, మనలాంటి మొహమున్న పిల్ల ఊరిని కాపాడే కథ పుట్టింది. 1987కీ 2014కీ మధ్య 27 ఏళ్లు. ఒక ఆడపిల్ల పుట్టి పెరిగి పెళ్లి చేసుకునేంత కాలం. దీని విలువ నాకు ఆ మామ్మగారి కొట్లో తెలిసింది.

"పాకిస్తాన్ వాళ్ల అమ్మాయి కదండీ, మనకేమిటి?" అని మీలో కొందరు అనుకోవచ్చు. కథలో కమల ముత్తవ్వ 1947 విభజనలో బొంబాయి నుంచి కరాచీకి తరలిపోయిన మనిషి. అయినా కొట్టేవాడు ఏ దేశమని పాస్‌పోర్టు చూసి కొడతాడా? పార్సీ అబ్బాయిని చంపినవాళ్లు అతని నుదుట బొట్టు ఉందేమోనని చూడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015 జనవరిలో ముస్లింలని ద్వేషించే ప్రకటనలు బస్సుల మీద వెలిస్తే, కొందరు వాటిమీద కమల బొమ్మలు అంటించి కప్పేశారు. కాగితం మీది పిల్ల అలా బస్సెక్కింది.

మా అమ్మడి సంగతి కూడా చెప్పాలి. అది పొద్దున్నే వాళ్లమ్మ పెట్టిన బొట్టుతో బయల్దేరి, మెట్లు దిగుతూ చేత్తో తుడిచేసుకుని బడికి వెళ్లేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని, అడిగేదాన్ని కాదు. మామ్మగారి మాటలు విన్న రాత్రి అదే నా పక్కన పడుకుని, "పెద్దమ్మా, ఆవిడ భయపడి తుడుచుకుంది. నేనెందుకు తుడుచుకుంటున్నాను? నన్నెవరూ కొట్టలేదు కదా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "నీ మొహం నీది తల్లీ. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో, వద్దనిపిస్తే మానెయ్. ఎవరికోసమో మాత్రం తుడవకు" అన్నాను. మర్నాటి నుంచీ బొట్టుతో బడికెళ్లిందని కోతలు కోయను, వెళ్లలేదు. చంటిదాని బారసాల నాడు మాత్రం పాలు అయిపోతే, పరికిణీ, బొట్టుతో నూవార్క్ ఎవెన్యూకి ఒక్కతే వెళ్లి తెచ్చింది. వచ్చాకా తుడుచుకోలేదు.

అమ్మకి ముందే తెలుసు

తల్లులు మరచిపోలేని సన్నివేశం ఒకటుంది. లోకం మునిగిపోయేలా ఉన్న రోజున కమల ధైర్యం చేసి అమ్మకి తన రహస్యం చెప్పేస్తుంది. మునీబా ఉలిక్కిపడదు. తనకి ఎప్పుడో తెలుసంటుంది! రాత్రిళ్లు కిటికీలోంచి పోయే కూతురు ఏ చెడు దారిలోనో ఉందేమోనని కుమిలిపోయిన తల్లి, నలుగురికి సాయం చేయడానికే పోతోందని తెలిసి దేవుడికి దణ్ణం పెట్టుకుందట. తిట్టింది, కాళ్లు కట్టేసింది, తెలిసీ తెలియనట్టు ఊరుకుంది. తల్లితనమంటే ఇంతే కదండీ! చదివి వినిపిస్తున్న అమ్మడు వాళ్లమ్మ వైపు ఓరగా చూసింది. మా చెల్లెలు చంటిదానికి పాలిస్తూ "నాకూ అన్నీ తెలుసులే" అంది.

నేనక్కడ ఉండగానే ఒక ఘోరం జరిగింది. ఆ మే నెలాఖరున వచ్చిన ఒక స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో కమలని చంపేశారు! అమ్మడు అన్నం మానేసి పడుకుంది. "పిచ్చిదానా, సీరియల్లో చచ్చినవాళ్లు రెండు నెలల్లో తిరిగొస్తారే. నేను పాతికేళ్లుగా చూస్తున్నాను" అని నెయ్యేసి ముద్దపప్పు కలిపి తినిపించాను. జులై చివరికల్లా కమల బతికొచ్చింది. ఆ రోజునుంచీ నేను ఆ ఇంట్లో మహాజ్ఞానిని!

మీరూ వెళితే, వెళ్లకపోయినా

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లేవాళ్లు న్యూయార్కు చూసే రోజున ఒక పూట జెర్సీ సిటీకి కేటాయించండి. పాత్ రైలు ఎక్స్ఛేంజ్ ప్లేసు నుంచి గ్రోవ్ స్ట్రీట్ మీదుగా జర్నల్ స్క్వేర్ వెళుతుంది. ఉదయం నది ఒడ్డు, గడియారం చూసుకుని మధ్యాహ్నానికి నూవార్క్ ఎవెన్యూ చేరితే భోజనానికి భోజనం, సరుకులకి సరుకులు. సాయంత్రం లిబర్టీ పార్కులో గాలి బాగా వీస్తుంది, శాలువా మరవకండి. నడక ఎక్కువ, చీర కట్టినా కాళ్లకి బూట్లు వేసుకోండి. అక్కడ ఎవరూ నవ్వరు.

వెళ్లలేనివాళ్లు పుస్తకం చదవండి. విల్సన్ రాసిన కథలు 2014 నుంచి 2019 దాకా వచ్చాయి. మొదటి అయిదు సంచికలూ కలిపి 'నో నార్మల్' అనే పేరుతో ఒక సంపుటంగా దొరుకుతుంది. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఇంగ్లీషు రాదని వెనకాడకండి, ఇంట్లో బడికెళ్లే పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. 2022లో ఇదే పేరుతో ఆరు భాగాల టీవీ ధారావాహిక కూడా వచ్చింది. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఇమాన్ వెల్లానీ అందులో కమలగా ముద్దుగా చేసింది. అయితే దాన్ని ఎక్కువగా అట్లాంటాలో తీశారు. జెర్సీ సిటీ గాలి కావాలంటే పుస్తకమే మేలు.

పిల్లలు చదివే పుస్తకం ఒక్కటైనా వాళ్లతో కలిసి చదివి చూడండి. వాళ్లు మనకి చెప్పని మాటలు చాలావరకు ఆ పేజీల మధ్యే ఉంటాయి.